గొల్లభామ నుంచి మహారాజా దాకా: మార్కు బొమ్మల కథ

ఈ సంచికకు ఏదైనా రాయమని సంఘంవారు అడిగినప్పుడు పండుగల విశిష్టత గురించో, మన కవుల గురించో రాయాలని మొదట అనుకున్నాను. అవి నాకంటె బాగా రాయగల పెద్దలు మనలో ఉన్నారు. నేను తెలుగు అక్షరాలు దిద్దుకున్నది ముప్పై ఏళ్ళు దాటాక, సాయంకాలపు తరగతిలో. అందుచేత నా శక్తికి తగిన చిన్న విషయం ఎంచుకున్నాను. కిరాణాకొట్టు అరల మీద రోజూ మన కళ్ళెదుటే ఉండే బొమ్మలు. సబ్బు మీది పిల్ల, అగ్గిపెట్టె మీది ఓడ, బామ్ డబ్బా మీది పులి ఇత్యాదులు.

రువిలో మా సందు చివర ఒక చిన్న కొట్టు ఉంది. ఒకనాటి సాయంత్రం తెల్లని దిష్‌దాషా వేసుకుని, తలకు మస్సార్ చుట్టుకున్న పెద్దాయన ఒకరు వచ్చి "అబూ ఫాస్" అన్నారు. కొట్లోని మలయాళీ కుర్రవాడు వెనక్కి తిరిగి ఒక చిన్న నూనెసీసా తీసి ఇచ్చాడు. అంతే బేరం. అరబ్బీలో ఫాస్ అంటే గొడ్డలి. అబూ అంటే తండ్రి. ఫలానాది కలవాడు అనే అర్థం కూడా ఉంది. సీసా మీద గొడ్డలి బొమ్మ ఉంది కనుక అది "గొడ్డలాయన". ఆ సీసా చూడగానే నాకు మా నాయనమ్మ గుర్తుకు వచ్చింది. మలయా తోటల్లో ఆవిడ దాన్ని గొడ్డలి మార్కు నూనె అనేది. ఇరుగుపొరుగు మలైవారు "చాప్ కాపాక్" అనేవారు. కాపాక్ అన్నా గొడ్డలే. చాప్ అన్న మాట మన దేశపు "ఛాప్" నుంచే అక్కడికి వెళ్ళింది. ముద్ర అని అర్థం. సీసా మీద ఇంగ్లీషు, చీనా అక్షరాలు ఉంటాయి. మా నాయనమ్మకు ఆ రెండూ రావు. ఈ ఒమానీ పెద్దాయన కూడా వాటివంక చూడలేదు. ఇద్దరూ చదివింది గొడ్డలినే.

ఆ నూనెను 1928లో సింగపూర్‌లో లియుంగ్ యున్ చీ అనే చీనా వర్తకుడు తయారుచేయసాగాడు. మెంథాల్, యూకలిప్టస్, కర్పూరం కలిసిన తైలం. మక్కా యాత్రకు వెళ్ళే ఆగ్నేయాసియా ముసల్మానుల సంచుల్లో అది అరేబియా చేరింది. సింగపూర్‌లో బడి, భాష, మతం వేరువేరుగా ఉన్న కూలీలు ఒకే రేవులో పనిచేసేవారు. గొడ్డలి అంటే ఏమిటో వారిలో ఎవరికీ వివరించి చెప్పనక్కరలేదు. వ్యాపారికి ఇంతకంటె మంచి అక్షరం ఏం దొరుకుతుంది?

అరబ్బు దేశాలకు ఈ అలవాటు సీసాలతో వచ్చినది కాదు. అంతకు ఎంతో ముందే నాణెంతో వచ్చింది. ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా బొమ్మ వేసిన పెద్ద వెండి నాణెం ఈ తీరమంతటా చెలామణి అయింది. ఆ మహారాణి 1780లో మరణించింది. అయినా తరువాత ఎన్ని దశాబ్దాలు ఆ నాణెం ముద్రించినా, దాని మీద 1780 అనే వేశారు. వియన్నాలో వేసినా అదే, లండన్‌లో వేసినా అదే, 1940 ప్రాంతంలో మన బొంబాయి టంకశాలలో వేసినా అదే. ఎందుకంటే బొమ్మ ఏ మాత్రం మారినా జనం పుచ్చుకొనేవారు కారు. మహారాణి గుండె మీది పతకంలో ముత్యాలు వేలితో తడిమి లెక్కపెట్టుకొని మరీ పుచ్చుకొనేవారట. ఆ చుక్కలను బట్టి దానికి "అబూ నుక్తా" అని పేరు. వెనుకవైపు గద్దను బట్టి "అబూ తైర్" అనేవారూ ఉన్నారు. ఒమాన్‌కు 1970లో సొంత నాణెం వచ్చేవరకు ఈ వెండి నాణెమూ, భారత రిజర్వు బ్యాంకు 1959లో గల్ఫ్ కోసం విడిగా వేసిన రూపాయి నోట్లూ ఇక్కడి బజార్లలో పక్కపక్కనే నడిచాయి. ఒక దేశపు రాణి మరో దేశపు సంతలో రెండు వందల ఏళ్ళు మార్కు బొమ్మగా బతికిందన్నమాట! నాకు తెలిసినంతలో ఇంతకాలం ఉద్యోగం చేసిన బొమ్మ ఇంకొకటి లేదు.

1970 నాటికి ఒమాన్ దేశం మొత్తానికి ప్రభుత్వ బడులు 3. వాటిలో సుమారు 900 మంది మగపిల్లలు చదువుకునేవారు. ఇప్పుడు ప్రతి పల్లెలోనూ బడి ఉంది, విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. కాని 1970కి ముందు మత్రా బజారులో సరుకు కొన్నవారిలో చాలామందికి బొమ్మే ఆధారం. హాలండ్ నుంచి వచ్చే రెయిన్‌బో డబ్బాపాలకు ఇంద్రధనుస్సు బొమ్మను బట్టి "అబూ ఖౌస్" అని పేరు పడింది. ఖౌస్ అంటే విల్లు. నేడు కాలేజీ చదివిన వారు కూడా కరక్ చాయ్‌కి ఆ పాలే కావాలని ఆ పేరే చెబుతారు. చదువు వచ్చినా పేరు పోలేదు. పులి బామ్ "అబూ నిమ్ర్", పాత్ర బొమ్మ ఉన్న బియ్యం "అబూ కాస్". వీటి అసలు పేర్లు అడిగితే ఇంటివారు కాసేపు ఆలోచించవలసి వస్తుంది.

మన దేశంలో మాత్రం వేరేగా ఉండేదా? పందొమ్మిదో శతాబ్దంలో మాంచెస్టర్ మిల్లులు మన బజార్లకు పంపిన బట్టతానుల మీద రంగురంగుల కాగితపు బొమ్మలు అంటించేవారు. దేవుళ్ళు, ఏనుగులు, పులులు, రాజులు, నాట్యకత్తెలు. తానును విప్పి నాణ్యం చూడకముందే కొనేవాడు బొమ్మను చూసేవాడు. ఇంగ్లండులో 1875లో వాణిజ్య చిహ్నాల నమోదు చట్టం వచ్చింది. ఎవరి ఏనుగు ఎవరిదో తేల్చుకొనే తగాదాలు అంతగా ముదిరాయి మరి. మన పల్లెల్లో ఓడ మార్కు అగ్గిపెట్టె, గుర్రపుతల అగ్గిపెట్టె, కోతి మార్కు నల్ల పళ్ళపొడి అనేవి సరుకుల పేర్లు కావు, బొమ్మల పేర్లు. 1951 జనాభా లెక్కల్లో దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మంది. ఆ ఏడాది చివర మొదలైన తొలి సార్వత్రిక ఎన్నికలకు ఎన్నికల సంఘంవారు పార్టీలకు గుర్తులు పంచిపెట్టారు. కాంగ్రెసుకు కాడెద్దులు వచ్చాయి. పళ్ళపొడి అమ్మేవాడు ఎప్పుడో కనిపెట్టిన ఉపాయాన్నే రాజ్యాంగం తయారుచేసిన పెద్దలు కూడా అరువు తెచ్చుకున్నారు. ఇది ఎగతాళికి అనడం లేదు. చదువురానివాడికి ఓటు ఇవ్వాలంటే అంతకంటె గౌరవమైన మార్గం ఆనాడు లేదు.

మా తాతయ్య, నాయనమ్మ విశాఖ జిల్లా నుంచి మలయా రబ్బరుతోటలకు వెళ్ళినవారు. తోటలో కొట్టు ఒక్కటే. దానిలో డబ్బాపాలు ఉండేవి. ఆ డబ్బా మీద ఒక తెల్లదొరసాని తల మీద పాలకడవ పెట్టుకొని నడుస్తూ ఉంటుంది. 1866లో స్విట్జర్లాండ్‌లో చామ్ అనే ఊళ్ళో పేజ్ అనే అమెరికన్ అన్నదమ్ములు పెట్టిన పాల కంపెనీ సరుకు అది. 1905లో ఆ కంపెనీ నెస్లేతో కలిసిపోయింది. ఇంగ్లీషులో మిల్క్‌మెయిడ్. మలైవారు దాన్ని "చాప్ జుంజుంగ్" అన్నారు. జుంజుంగ్ అంటే నెత్తిన మోయడం. వారికి ఆ బొమ్మలో కనిపించింది మోత. మనవాళ్ళు దాన్ని గొల్లభామ పాలు అన్నారు. మా నాయనమ్మ ఆ దొరసానిని ఎన్నడూ దొరసాని అనుకోలేదు. పాలు అమ్మడానికి మధురకు వెళ్ళే గొల్లభామ, దారిలో కృష్ణుడు అడ్డగిస్తాడు, అంతే. పరాయి బొమ్మకు మన ఇంటిపేరు పెట్టుకొని పెంచుకోవడమంటే ఇదే కాబోలు. నాకు తెలుగులో తెలిసిన మొదటి మాటల్లో గొల్లభామ ఒకటి. గొల్లకలాపం అనే ప్రదర్శన ఉన్నదని, అది కూచిపూడివారి సొత్తని నాకు తెలిసింది ఆ తరువాత ముప్పై ఏళ్ళకు.

ఇక పులి కథ. ఇది మనవారికి మరీ దగ్గరిది. పులి బామ్ పుట్టింది సింగపూర్‌లో అని చాలామంది అనుకుంటారు. కాదు, రంగూన్‌లో. ఆ చూ కిన్ అనే చీనా వైద్యుడు 1870ల్లో అక్కడ మందుల దుకాణం పెట్టాడు. ఆయన 1908లో మరణించాక కొడుకులిద్దరు వ్యాపారం నడిపారు. పెద్దవాడు బూన్ హా, చిన్నవాడు బూన్ పార్. చీనా భాషలో హా అంటే పులి, పార్ అంటే చిరుత. అన్నగారి పేరే బామ్‌కు బొమ్మ అయింది. 1926లో వారు సింగపూర్‌కు తరలి వచ్చారు. పులి తలకాయ బిగించిన మోటారుకారులో తిరిగి ప్రచారం చేసిన ఘనుడు బూన్ హా. కారు చూడడానికి పిల్లలు వెంటబడేవారంటే ఆశ్చర్యమేముంది?

ఆనాటి రంగూన్ రేవులో బస్తాలు మోసినవారిలో అధికులు తెలుగువారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వారిని బర్మావారు కోరంగీలు అనేవారు. 1930 మే నెలలో రేవు పని దగ్గర బర్మా కూలీలకూ వీరికీ వచ్చిన తగాదా పెద్ద దొమ్మీ అయి ఎందరో మనవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు అడవుల గుండా నడిచి వచ్చారు, దారిలో రాలిపోయినవారు రాలిపోగా. పగలంతా బస్తా మోసిన భుజాలున్న ఊళ్ళో నొప్పుల మందుకు గిరాకీ లేకుండా ఎలా ఉంటుంది? పులి పుట్టిన వీధులు అవీ.

మనకూ ఒక బామ్ ఉంది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించారు. సంగీత సభల్లో శ్రోతలకు ఉచితంగా పంచిపెట్టి అలవాటు చేశారని ప్రసిద్ధి. పాట వినడానికి వచ్చినవాడికి తలనొప్పి మందు పంచడంలో చమత్కారం లేకపోలేదు. ఆ డబ్బుతో 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రిక పెట్టారు. 1914లో మద్రాసులో దినపత్రిక, 1924లో భారతి. చిత్రమేమంటే, పులిబామ్ బూన్ హా కూడా 1929లో సింగపూర్‌లో సిన్ చ్యూ జిత్ పో అనే చీనా దినపత్రిక పెట్టాడు. ఇద్దరూ అక్షరం రానివాడికి డబ్బా అమ్మి, వచ్చిన డబ్బుతో అక్షరం వచ్చినవాడికి పత్రిక ఇచ్చారు. పులి బొమ్మ ప్రపంచమంతా తిరిగింది, సరే. దేశోద్ధారక బిరుదు మాత్రం పంతులుగారికే దక్కింది.

బొమ్మను నమ్మడంలో అపాయం కూడా ఉంది. మా నాన్నగారు పసివాడుగా ఉండగా దగ్గు పట్టుకుంటే, మా నాయనమ్మ తోటకు వచ్చిన ఒక తిరుగుడు వర్తకుడి దగ్గర నూనెసీసా కొన్నది. ఏ మార్కు అన్నది ఇక్కడ అనవసరం. ఆవిడ ఎప్పుడూ కొనే సీసా మీది బొమ్మే, ఆ రంగే. గుండెకు రాసింది. తెల్లారేసరికి చర్మం బొబ్బలెక్కింది. చీకట్లో దీపం పట్టి చూస్తే బొమ్మ ఒకటే, అక్షరాలు వేరట. అక్షరాలు వేరని కూడా ఆవిడకు తెలియలేదు. తోట గుమాస్తా చూసి చెప్పాడు. నాన్నగారి ఛాతీ మీద ఆ మచ్చ చివరిదాకా ఉంది. "ఆ సీసా చదవడం వచ్చినవాడు ఒకడు మన ఇంట్లో ఉండాల" అని పట్టుబట్టి మా నాయనమ్మ ఆయనను బడికి పంపింది. ఆయన బడిపంతులు అయ్యారు. నేనూ అదే పనిలో పడ్డాను.

తరువాత చదువుకుంటే తెలిసింది, ఇటువంటి తగాదాలు పెద్ద కోర్టుల దాకా వెళ్ళాయని. అమృతధార అనే మందువారు లక్ష్మణ్‌ధార అనే మందువారి మీద తెచ్చిన వ్యవహారంలో మన సుప్రీంకోర్టు 1962లో తీర్పు చెప్పింది. రెండు పేర్లను పక్కపక్కన పెట్టి తీరిగ్గా పోల్చే పండితుణ్ణి దృష్టిలో పెట్టుకోకూడదు. మామూలు తెలివి, అరకొర జ్ఞాపకం గల కొనుగోలుదారుడు, పల్లెటూరివాడు కూడా, మోసపోతాడా లేదా అన్నదే చూడాలని దాని సారాంశం. మోసపోతాడనే తేల్చింది. ఇతర కారణాల వల్ల ఉత్తరప్రదేశ్ వరకు రెండోవారికి వెసులుబాటు ఇచ్చిందనుకోండి. మా నాయనమ్మ వంటివారు కూడా న్యాయశాస్త్రంలో ఒక కొలత అయ్యారని తెలిసి నాకు సంతోషం కలిగింది.

ఇంతవరకు చెప్పినవి కదలని బొమ్మలు. గొడ్డలి మాట్లాడదు, గొల్లభామ నడుస్తున్నట్టు ఉంటుందే కాని గడప దాటదు. వీటికి కథ, స్వభావం తగిలించడం తరువాతి సంగతి. కుక్క మార్కు రికార్డులు మన పెద్దలు ఎరిగినవే. ఆ కుక్క నిజంగా ఉండేది. పేరు నిప్పర్. 1884లో బ్రిస్టల్‌లో పుట్టి 1895లో చనిపోయింది. ఫ్రాన్సిస్ బరౌడ్ అనే చిత్రకారుడు దాన్ని ఎడిసన్ తరహా యంత్రం ముందు కూర్చొని వింటున్నట్టు వేశాడు. 1899లో గ్రామఫోన్ కంపెనీవారు, ఆ యంత్రాన్ని చెరిపి తమ యంత్రం వేస్తే కొంటామన్నారు. వేశాడు. బొమ్మకు 50 పౌన్లు, హక్కుకు 50 పౌన్లు. కుక్క అప్పటికే పోయి నాలుగేళ్ళు. అది వింటున్నది ఏ యంత్రాన్నో దానికే తెలియదు పాపం.

సోహార్ రోడ్డు మీద లారీల టైర్ల దుకాణాల ముందు నిలబడే తెల్లని లావుపాటి మనిషిని మన పిల్లలందరూ చూసే ఉంటారు. మిషెలాఁ కంపెనీ బిబెండం. 1894లో లియోన్ ప్రదర్శనలో టైర్ల గుట్టను చూసి, దానికి చేతులు పెడితే మనిషిలా ఉంటాడని మిషెలాఁ సోదరులు అనుకున్నారట. ఓ గాలో అనే పేరుతో బొమ్మలు వేసే చిత్రకారుడు 1898లో రూపం ఇచ్చాడు. టైరు నల్లగా ఉంటే ఈయన తెల్లగా ఎందుకున్నాడని మా తరగతిలో ఒక పిల్లవాడు అడిగాడు. ఆ రోజుల్లో టైర్లకు ఇంకా మసి కలిపేవారు కారు, అవి లేతరంగులోనే ఉండేవి. టైరు నల్లబడింది, మనిషి మాత్రం పాత రంగులోనే ఉండిపోయాడు.

మన దేశంలో స్వభావం ఉన్న మొదటి గొప్ప బొమ్మ ఎయిర్ ఇండియా మహారాజా అని నా అభిప్రాయం. 1946లో ఆ కంపెనీ వాణిజ్య వ్యవహారాలు చూసే బాబీ కూకా ఊహించగా, జె. వాల్టర్ థాంప్సన్ ప్రకటనల సంస్థలో చిత్రకారుడు ఉమేశ్ రావు గీశాడు. మొదట విమానంలో ప్రయాణికులకు ఇచ్చే కాగితాల పుస్తకం మీది బొమ్మ మాత్రమే. పెద్ద తలపాగా, అంతకంటె పెద్ద మీసం, వంకర ముక్కు, వంగి దండం. తరువాత అతడు పారిస్‌లో ప్రేమికుడయ్యాడు, టోక్యోలో సుమో మల్లుడయ్యాడు. ఏడాది తిరిగేసరికి దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. 1948లో హైదరాబాదు సంస్థానం కలిసిపోయింది. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. అసలు మహారాజులందరూ పోయినా కాగితం మహారాజు ఉద్యోగంలో కొనసాగాడు. మహారాజు ప్రయాణికుడికి వంగి దండం పెట్టడమేమిటి, అది బానిసత్వం కాదా అని కొందరు అనగా విన్నాను. నాకు అలా తోచదు. ఆ నవ్వులో కాస్త కొంటెతనం ఉంది. గల్ఫ్‌కు మొదటిసారి అప్పు చేసి టికెట్టు కొని వచ్చినవాడికి ఒక రాజు వంగి దండం పెడితే ఎవరికి నష్టం? 2022 జనవరిలో ఆ సంస్థ మళ్ళీ టాటాల చేతికి వచ్చింది. 2023లో కొత్త చిహ్నం పెట్టుకున్నారు. మహారాజుకు ముందు వరుసలో ఉన్నంత ప్రాధాన్యం ఇప్పుడు లేదు.

గట్టు సంగతి చెబితే మన పిల్లలు నవ్వుతారు. తెలుగులో గట్టు అంటే చేను గట్టు, చెరువు గట్టు. ఆసియన్ పెయింట్స్ వారి గట్టు మాత్రం కంటి మీదికి జారే జుట్టుతో, చేతిలో రంగుడబ్బా, కుంచె పట్టుకొన్న అల్లరిపిల్లవాడు. 1954లో ఆర్. కె. లక్ష్మణ్ గీశారు. పేరు పెట్టడానికి కంపెనీవారు 500 రూపాయల బహుమతితో పోటీ పెడితే వేల కొద్దీ ఉత్తరాలు వచ్చాయి. ఇద్దరు బొంబాయివారు ఒకే పేరు పంపి బహుమతి పంచుకున్నారు. 2002లో కంపెనీవారు ఆ పిల్లవాణ్ణి పక్కన పెట్టారు. వాణ్ణి చూస్తే నాకు మన బుడుగు గుర్తుకు వస్తాడు. ముళ్ళపూడి వెంకటరమణగారు రాయగా బాపుగారు బొమ్మలు వేసిన బుడుగు ఏ సరుకూ అమ్మలేదనుకోండి. కాని వాడు అచ్చయినది ఆంధ్రపత్రిక వారపత్రికలో. అంటే తలనొప్పి మందు డబ్బుతో పుట్టిన పత్రికలోనే! సాయంకాలపు తరగతిలో నేను ఆపకుండా చదివిన మొదటి తెలుగు పుస్తకం అదే. సగం అర్థం కాలేదు, అయినా నవ్వాను.

అమూల్ పిల్లది 1966 పుట్టుక. పోల్సన్ వెన్నవారి ప్రకటనల్లో అప్పటికే ఒక అమ్మాయి ఉండేది. ఆమెకు పోటీగా సిల్వెస్టర్ డకున్యా, చిత్రకారుడు యూస్టస్ ఫెర్నాండెజ్ కలిసి నీలంజుట్టు, చుక్కల గౌను పిల్లను తయారుచేశారు. ఆ వారం దేశంలో జరిగిన దాని మీద ఒక మాట విసరడం ఆ పిల్ల పని. దాదాపు నా ఈడుదే. నాకు కళ్ళజోడు, మోకాళ్ళనొప్పులు వచ్చాయి, దానికి ఇంకా పాలపళ్ళు ఊడలేదు.

టెలివిజన్ వచ్చాక బొమ్మల బదులు మనుషులు వచ్చారు. సర్ఫ్ లలితాజీగా కవితా చౌదరి, రస్నా పిల్లగా అంకిత. ఆ అంకితే తరువాత 2003లో సింహాద్రి చిత్రంలో తెలుగువారికి కథానాయికగా కనిపించింది. వీరి గురించి మీ ఇళ్ళలో నాకంటె బాగా తెలుసు. ఒక్క నిర్మా పిల్ల దగ్గర మాత్రం ఆగుతాను. 1969లో అహమ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ ఇంటి వెనుక పొడి కలిపి, సైకిలు మీద ఇంటింటికీ తిరిగి అమ్మాడు. కూతురు నిరుపమ పేరు కుదించి దానికి నిర్మా అని పెట్టాడు. ఆ కూతురు తరువాత ప్రమాదంలో పోయింది. పొట్లం మీద తెల్లగౌను పిల్ల మాత్రం గిరగిర తిరుగుతూనే ఉంది. ఆ పాట టెలివిజనులో వచ్చినప్పుడల్లా తండ్రి చెవిన పడేది కదా అని, ఈ సంగతి తెలిసినప్పటినుంచి ఆ పొట్లం ముట్టుకుంటే నాకు చెయ్యి ఒక క్షణం ఆగుతుంది.

అన్ని బొమ్మలూ ముద్దు చేయదగినవి కావు. సింగపూర్, మలయాల్లో అమ్ముడుపోయిన డార్కీ టూత్‌పేస్టు ఒకటి. 1933లో షాంఘైలో మొదలైన సరుకు. ముఖానికి నల్లరంగు పూసుకొని నీగ్రోలను వెక్కిరిస్తూ ఆడే అమెరికన్ వినోదగాళ్ళ బొమ్మ, ఎత్తు టోపీ, తెల్లని పళ్ళు. 1985లో కాల్గేట్ కంపెనీ దానిలో సగం వాటా కొన్నాక అమెరికాలో గొడవ లేచి 1989లో డార్లీగా పేరు మార్చారు. చీనా భాషలో మాత్రం "నల్లమనిషి పేస్టు" అనే పేరు ఇంకో ముప్పై ఏళ్ళు పైగా నడిచి, ఈ మధ్యనే పోయింది. అమెరికాలో 1889 నుంచి ఉన్న ఆంట్ జెమైమా దోసెలపిండి బొమ్మ ఇలాంటిదే. బానిసగా పుట్టిన నాన్సీ గ్రీన్ అనే ఆమె 1893లో షికాగో ప్రదర్శనలో ఆ వేషం కట్టి దోసెలు పోసింది. 2020లో ఆ బొమ్మనూ, అంకుల్ బెన్ బియ్యం మీది ముసలాయన బొమ్మనూ తీసివేస్తామని ఆయా కంపెనీలు ప్రకటించాయి.

ఎండలో రబ్బరుపాలు తీసిన నల్లని మనుషుల మనుమలం మనం. ఆ టూత్‌పేస్టు డబ్బా తోటల్లోని కొట్లలో కూడా ఉండేది. గొల్లభామకు పేరు పెట్టుకున్న మనవాళ్ళు ఆ టోపీవాడికి మాత్రం ఏ పేరూ పెట్టలేదు. "ఆ పేస్టు" అనేవారు, అంతే. మా నాయనమ్మ వేపపుల్లనే వాడేది. అది నమ్మకమో అభిమానమో నేను అడిగి తెలుసుకోలేదు. అడగవలసిన వయస్సులో నాకు ఆవిడను అడగడానికి చాలినంత తెలుగు లేదు.

ఇప్పుడు శుక్రవారం సాయంత్రాలు ఇక్కడి మన పిల్లలు పదిమందికి నేను అ, ఆలు చెబుతున్నాను. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు. అక్కడా ముందు బొమ్మ, తరువాతే అక్షరం. కిందటి నెలలో పలకల బదులు వంటింటి డబ్బాలు తెమ్మన్నాను. బొమ్మ చూసి, ఇంగ్లీషు పేరు చూడకుండా, తెలుగులో పేరు పెట్టమన్నాను. గొడ్డలి నూనె, పులి బామ్ సులభంగా తేలిపోయాయి. అబూ ఖౌస్ పాల దగ్గర మాత్రం పేచీ వచ్చింది. గుంటూరు పిల్ల ఇంద్రధనుస్సు పాలు అని రాసింది. విజయనగరంవారి అబ్బాయి హరివిల్లు పాలు అన్నాడు. ఖౌస్ అంటే విల్లే కదా, మాదే సరైనదని వాడి వాదన. కరీంనగర్‌వారి చిన్నది అంతవరకు ఊరుకొని, మా అమ్మమ్మ సింగిడి అంటదని లేచి బోర్డు మీద పెద్ద అక్షరాలతో "సింగిడి పాలు" అని రాసింది. సున్న మాత్రం మరిచిపోయింది. రెండు వారాలయింది, పేచీ తేలలేదు. డబ్బా మా బల్ల మీదే ఉంది.